లెక్కల్లో 58 మార్కులు: రీవాల్యుయేషన్‌కు పెట్టాలా, వద్దా?

ప్రశ్న: మేడమ్ గారికి నమస్కారం. మా అమ్మాయి పదో తరగతి పరీక్షలు రాసింది. మిగతా అన్నింటిలో 80 దాటాయి గానీ లెక్కల్లో 58 మాత్రమే వచ్చాయి. 85కి తగ్గవని పరీక్ష రాసి వచ్చిన రోజే చెప్పింది. సైన్సులో 88 అనుకుంటే 81, ఇంగ్లిష్‌లో 90 అనుకుంటే 83 వచ్చాయి. ఫలితాలు వచ్చి మూడు రోజులైంది. గది తలుపు వేసుకుని కూర్చుంటోంది. వాళ్ల నాన్న ‘అన్ని సబ్జెక్టులకూ పెట్టేద్దాం, ఎందులో పెరిగితే అందులో పెరుగుతాయి’ అంటున్నారు. పాప మాత్రం అసలే వద్దంటోంది, ఉన్నవి కూడా తగ్గుతాయని భయం. గడువు ఇంకా ఆరు రోజులుంది. ఒకరు రీకౌంటింగ్ అంటారు, ఒకరు రీవాల్యుయేషన్ అంటారు. ఏది చెయ్యాలో తేలక టెన్షన్‌గా ఉంది. దయచేసి దారి చెప్పండి. – ఒక తల్లి

సమాధానం: అమ్మా, ముందు మీరు అడిగినదానికి సూటిగా జవాబు చెబుతాను. లెక్కల పేపరుకు అడగండి. సైన్సు, ఇంగ్లిష్ వదిలేయండి. అయితే లెక్కలకు కూడా ఈ రోజే దరఖాస్తు నింపేయకండి. దానికి ముందు పాప ఒక సాయంత్రం కూర్చుని చేయాల్సిన పని ఒకటి ఉంది. దాన్ని బట్టే ఏది అడగాలో తేలుతుంది.

నేను చాలా ఏళ్లు లెక్కలు చెప్పాను, పబ్లిక్ పరీక్షల పేపర్లు కూడా దిద్దాను. అందుకని ఆ బల్లకు అవతలి వైపు ఏం జరుగుతుందో నాకు కొంత తెలుసు. ఒకసారి ఒక జవాబుపత్రం దిద్ది, మొత్తం కూడి, పక్కన పెట్టి, తర్వాతి పేపరు అందుకున్నాను. ఎందుకో అనుమానం వచ్చి పాతదాన్ని మళ్లీ తిప్పి చూశాను. జవాబులన్నీ అయిపోయాయి అనుకున్న చోట రెండు తెల్ల పేజీలు ఉన్నాయి. వాటి తర్వాత ఒక పెద్ద ప్రశ్నకు చక్కటి జవాబు ఉంది. నేను మొదటి తెల్ల పేజీ దగ్గరే ఆగిపోయాను. అప్పుడే సరిదిద్దాను గానీ, ఆ పిల్ల ఎవరో తెలియకపోయినా ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. వెనక్కి తిప్పి చూడకపోయి ఉంటే ఆ మార్కులు పోయినట్టే. ఇది చెప్పడం ఎందుకంటే, పొరపాట్లు జరుగుతాయి. అడగడం తప్పు కాదు, ఎవరినీ అవమానించడం అసలే కాదు.

ఇప్పుడు ఆ పేర్ల సంగతి. రీకౌంటింగ్ అంటే ఎవరూ జవాబులు మళ్లీ చదవరు. లోపలి పేజీల్లో వేసిన మార్కులన్నీ కూడారా, మొదటి పేజీ మీదికి సరిగ్గా ఎక్కించారా, కంప్యూటర్‌లోకి అదే అంకె వెళ్లిందా అని మాత్రమే చూస్తారు. రీవాల్యుయేషన్ అంటే ఇంకొకరు జవాబులు మళ్లీ చదివి దిద్దుతారు. ఈ రెంటికీ మధ్యలో రీవెరిఫికేషన్ అని ఇంకొకటి కొన్ని బోర్డుల్లో ఉంటుంది. దిద్దకుండా వదిలేసిన జవాబులు ఉన్నాయేమో చూడటం సాధారణంగా దాని కిందికి వస్తుంది. కానీ ఒక బోర్డు ఒక పేరుతో పిలిచేదాన్ని ఇంకో బోర్డు ఇంకో పేరుతో పిలుస్తుంది. కాబట్టి పేరు చూసి డబ్బు కట్టకండి. నోటిఫికేషన్‌లో ‘ఏం చేస్తారు’ అని రాసిన భాగం చదవండి. అందులోనే ఇంకో మూడు విషయాలు వెతకండి. మార్కులు తగ్గే అవకాశం ఉందా, జవాబుపత్రం కాపీ ఇస్తారా, ఒకటి అడిగాక రెండోది అడగడానికి విడిగా గడువు ఉందా. కొన్ని బోర్డుల్లో వరస తప్పకూడదు. ముందు రీకౌంటింగ్, తర్వాత కాపీ, ఆ తర్వాతే రీవాల్యుయేషన్. మొదటి మెట్టు గడువు దాటిపోతే మిగతా రెండూ పోయినట్టే. ఆరు రోజులు ఉన్నాయి కదా అని నింపాదిగా ఉండకండి.

లెక్కలకే ఎందుకు అడగమన్నానో చెబుతాను.

లెక్కల పేపరు దిద్దేటప్పుడు మా ముందు స్కీమ్ ఉంటుంది. ఏ స్టెప్పుకు ఎన్ని మార్కులు, సూత్రం రాస్తే ఎంత, చివరి జవాబుకు ఎంత అని అందులో ఉంటుంది. దాన్ని పాటించి దిద్దితే ఇద్దరు టీచర్ల మధ్య రెండు మూడు మార్కుల తేడా రావచ్చు గానీ 27 మార్కుల తేడా రావడం కష్టం. ఇంగ్లండ్‌లో పరీక్షలను పర్యవేక్షించే ఆఫ్‌క్వాల్ అనే సంస్థ 2018లో దీనిమీద ఒక నివేదిక ఇచ్చింది. ఒక విద్యార్థికి వచ్చిన గ్రేడూ, అదే పేపరును అనుభవజ్ఞుడైన పెద్ద ఎగ్జామినర్ దిద్దితే వచ్చే గ్రేడూ ఒకటే అయ్యే అవకాశం ఎంత అని సబ్జెక్టుల వారీగా లెక్క కట్టారు. లెక్కల్లో అది నూటికి 96 దాకా ఉంది. ఇంగ్లిష్ భాష, సాహిత్యం కలిసిన పరీక్షలో మాత్రం సగానికి కాస్త పైన ఉంది, అంతే.

అంటే మీ పాప 27 మార్కుల తేడా ‘దిద్దినవాళ్లు కఠినంగా దిద్దారు’ అనే మాటతో తేలేది కాదు. రెండే దారులున్నాయి. ఎక్కడో ఒకటి రెండు జవాబులు లెక్కలోకి రాకుండా పోయాయి, లేదా పాప తాను అనుకున్నట్టు రాయలేదు. మొదటిదైతే అడిగితే దొరుకుతుంది. రెండోదైతే ఎంతమంది దిద్దినా మారదు. ఏదైనా సరే, కాపీ చేతికొస్తే పది నిమిషాల్లో తెలిసిపోతుంది. అందుకే అడగమంటున్నాను.

ఇంకొక సంగతి మీకు ఇప్పటికే తట్టి ఉండవచ్చు. 85, 58. అంకెలు తారుమారయ్యాయా? అంకెలు ఎక్కించేటప్పుడు ఇలాంటి పొరపాట్లు నిజంగానే జరుగుతాయి. రెండంకెల సంఖ్యను తిరగేస్తే అసలు సంఖ్యకూ దానికీ ఉన్న తేడా ఎప్పుడూ 9తో భాగించబడుతుంది. పద్దులు రాసేవాళ్లు లెక్క తేలకపోతే ముందు ఇదే చూసుకుంటారు. ఇక్కడ తేడా 27, అంటే తొమ్మిది మూళ్లు. అయినా దీన్ని పట్టుకుని ఆశ పెంచుకోకండి, పాపకు అసలు చెప్పకండి. 85 అనేది పాప వేసుకున్న అంచనా మాత్రమే. 83 అనుకుని ఉంటే ఈ ఆలోచనే వచ్చేది కాదు. నిజంగా అదే జరిగి ఉంటే మామూలు రీకౌంటింగ్‌లోనే బయటపడుతుంది.

సైన్సు, ఇంగ్లిష్ విషయంలో మీవారి మాట నాకు అర్థమైంది. ఏ తండ్రికైనా అలాగే అనిపిస్తుంది. కానీ ఆ రెంటిలోనూ తేడా ఏడేసి మార్కులు. పిల్లలు పరీక్ష రాసి వచ్చిన ఉత్సాహంలో చెప్పే అంచనాకూ, వచ్చే మార్కులకూ ఆ మాత్రం తేడా మామూలే. పైగా వ్యాసాలు, పెద్ద జవాబులు ఉన్న పేపరులో ఆ ఏడు మార్కులూ ‘తప్పు’ అని నిరూపించడం కష్టం. 1912లో అమెరికాలో స్టార్చ్, ఇలియట్ అనే ఇద్దరు రెండు ఇంగ్లిష్ జవాబుపత్రాలను 142 మంది టీచర్ల చేత దిద్దించి చూశారు. ఒక పేపరుకు 64 నుంచి 98 దాకా, ఇంకో పేపరుకు 50 నుంచి 97 దాకా వచ్చాయి. ఇది భాష కాబట్టి అని కొందరు అంటే, మరుసటి ఏడాది జామెట్రీ పేపరుతోనూ అదే పని చేశారు. అందులోనూ 30 లోపు నుంచి 90 పైదాకా వేశారు. ఉమ్మడి స్కీమ్ లేకుండా ఎవరి పద్ధతిలో వారు దిద్దితే లెక్కలు కూడా ఇలా అవుతాయన్నమాట. ఈ రోజుల్లో స్కీములు ఉన్నాయి, పైన తనిఖీ చేసేవాళ్లున్నారు. అయినా వ్యాసం చదివే మనిషి మనిషే. ఇంకొకరు చదివితే రెండు పెరగవచ్చు, మూడు తగ్గవచ్చు. ఆఫ్‌క్వాల్ 2016లో తెచ్చిన నియమం కూడా ఇదే: మొదట వేసిన మార్కు సమంజసమైనదే అయితే, ఇంకొకరు కొంచెం ఎక్కువ వేసి ఉండేవారన్న కారణంతో దాన్ని మార్చకూడదు. దిద్దడంలో తప్పు కనబడితేనే మార్చాలి.

ఆ సబ్జెక్టుల్లో ఒకటి రెండు మార్కుల్లో గ్రేడ్ తప్పిపోయి, ఆ గ్రేడు లేకపోతే తను కోరుకున్న కోర్సులో సీటు రాదు అనే పరిస్థితి ఉంటే నా సలహా వేరుగా ఉండేది. మీరు అలా రాయలేదు.

ఇక ఆ సాయంత్రం చేయాల్సిన పని. ప్రశ్నపత్రం తీసి పాప చేతికివ్వండి. కీ చూడకూడదు, స్నేహితులకు ఫోన్ చెయ్యకూడదు. ఒక్కో ప్రశ్నకూ ఎదురుగా తను పరీక్షలో ఏం రాసిందో గుర్తు చేసుకుని మూడు గుర్తుల్లో ఒకటి పెట్టాలి: పూర్తిగా చేశాను, కొంత చేశాను, చేయలేదు. తర్వాత చేసినవన్నీ ఒక కాగితం మీద మళ్లీ చేయాలి, పరీక్షలో చేసిన పద్ధతిలోనే. ఆ తర్వాతే కీ తెరవాలి.

‘అన్నీ రాశాను’ అనే మాటకూ ‘అన్నీ సరిగ్గా రాశాను’ అనే మాటకూ మధ్య చాలా దూరం ఉంటుంది. పిల్లలు అబద్ధం చెప్పరు. రాసిన గంటలో వాళ్లకు ఆ రెండూ ఒకటిగానే కనిపిస్తాయి. ఒక గుర్తు తప్పు వేయడం, ప్రశ్నలో ‘వ్యాసం’ ఇస్తే ‘వ్యాసార్థం’ అనుకోవడం, ఛాయిస్‌లో ఏ నాలుగైనా రాయమంటే మూడే రాసి ముందుకు వెళ్లిపోవడం, ఇవి ఇంటికొచ్చి కూర్చుంటే గానీ బయటపడవు. ఈ పని చేశాక పాప అంచనా 65కి దిగితే, 58కి పెద్ద తేడా లేదు. అప్పుడు మామూలు రీకౌంటింగ్ చాలు, లేదా అదీ అక్కర్లేదు. అప్పటికీ 80 దగ్గరే నిలబడితే కాపీకి తప్పకుండా అడగండి.

పాపను ఇంకో రెండు ప్రశ్నలు అడగండి. అడిషనల్ షీట్లు తీసుకుందా, ఎన్ని, వాటిని కట్టేటప్పుడు వరస సరిగ్గా ఉందా? మధ్యలో పేజీలు వదిలిందా, ప్రశ్న నంబర్లు వరస తప్పి రాసిందా? వీటిలో దేనికైనా ‘అవును’ అని వస్తే ఏదో ఒక జవాబు చూపు తప్పి ఉండే అవకాశం పెరుగుతుంది. గ్రాఫ్ కాగితం విడిగా కట్టే పరీక్షల్లో అది ఊడిపోయిందా లేదా అన్నదీ చూడాలి.

కాపీ వచ్చాక ఇంట్లో అందరూ ఒకేసారి దానిమీద వాలకండి. మొదటిసారి చూసేటప్పుడు జవాబులు చదవనే వద్దు. రాత పాపదేనా? పేజీలన్నీ ఉన్నాయా? రాసిన ప్రతి ప్రశ్నకూ మార్జిన్‌లో అంకె గానీ సున్నా గానీ ఉందా? ఏమీ వేయకుండా వదిలేసినది ఉందా? లోపలి అంకెలన్నీ మీరే విడిగా కూడండి, మొదటి పేజీలోని పట్టికతో పోల్చండి. ఈ పని మీరు చెయ్యండి, పాప వద్దు. తన పేపరును తాను చూసుకుంటూ కూడితే కళ్లు తప్పుల మీదికే పోతాయి.

రెండో విడత చదవడానికి పాపకు పాఠం చెప్పని లెక్కల టీచరు ఎవరైనా దొరికితే మంచిది. సొంత టీచరుకు పాప మీద ఉన్న ఇష్టం అడ్డొస్తుంది, అది సహజం. స్కీమ్ బయట పెట్టి ఉంటే దాన్ని ముందు పెట్టుకుని స్టెప్పు స్టెప్పుకూ చూడమనండి. ముఖ్యంగా ఒకటి గమనించమనండి. మొదట్లో ఒక చిన్న లెక్క తప్పు పోయి, అక్కణ్నుంచి పద్ధతంతా సరిగ్గా ఉంటే, చాలా స్కీముల్లో ఆ తర్వాతి స్టెప్పులకు మార్కులు ఇవ్వాలి. చివరి జవాబు తప్పు కనబడగానే మొత్తానికి సున్నా వేసేయడం దిద్దేవాళ్లు చేసే పొరపాట్లలో ఒకటి. నా చేత కూడా జరిగి ఉంటుంది.

తేడా కనబడితే అర్జీలో ఒక్కో విషయం ఒక్కో వాక్యంలో రాయండి. ‘14వ ప్రశ్నకు జవాబు 19వ పేజీలో ఉంది. మార్కు వేయలేదు.’ ‘లోపలి పేజీల మొత్తం 71. మొదటి పేజీలో 58 అని ఉంది.’ ఇలా. అమ్మాయి ఎంత కష్టపడిందో, ఎంత ఏడ్చిందో ఆ కాగితంలో రాయాలనిపిస్తుంది. నాకు తెలుసు. కానీ దాన్ని చూసేవాళ్ల చేతిలో పేజీ నంబరూ ప్రశ్న నంబరూ పెడితేనే పని జరుగుతుంది. దరఖాస్తు నంబరు, డబ్బు కట్టిన రసీదు జాగ్రత్త చేసుకోండి. ఏదైనా స్కూలు ద్వారానే పంపాలంటే గడువు చివరి రోజు దాకా ఉంచకండి, వాళ్లకూ ఒక రోజు పడుతుంది.

మార్కులు తగ్గుతాయన్న పాప భయం ఉత్త భయం కాదు. కొన్ని చోట్ల కొత్తగా వచ్చిన మార్కే ఖాయం, అది తక్కువైనా సరే. కొన్ని చోట్ల రెంటిలో ఎక్కువ ఉన్నదే ఉంచుతారు. మీ బోర్డు నియమం మొదటిదైతే, ముందు కాపీ మాత్రమే తెప్పించుకుని, అందులో స్పష్టమైన తప్పు కనబడ్డాకే రీవాల్యుయేషన్‌కు వెళ్లండి. ఈ సంగతి పాపకు చూపించి చెప్పండి. కాపీ అడిగితే మార్కు తగ్గదు. ఈ ఒక్క మాటతో తన ‘వద్దు’ కొంచెం సడలుతుందని నా నమ్మకం. అప్పటికీ వద్దంటే, కారణం భయం కాకపోవచ్చు. పరీక్షలో ఏదో జరిగి ఉండవచ్చు. సమయం చాలక చివరి ప్రశ్నలు వదిలేసి, ఇంట్లో చెప్పలేక 85 అని ఉండవచ్చు. తరచి అడగకండి. ‘ఏం జరిగినా నాతో చెప్పొచ్చు’ అని ఒక్కసారి అని ఊరుకోండి. అలాంటప్పుడు బలవంతంగా దరఖాస్తు పెడితే, కాపీ ఇంటికొచ్చే దాకా పాప ఆ భయంతోనే బతకాలి.

ఫలితం వచ్చే లోపు ఏం చేయాలన్నది చాలామంది తల్లిదండ్రులు మరిచిపోతారు. నేను చూసిన పెద్ద నష్టాలు అక్కడే జరిగాయి. రీవాల్యుయేషన్‌లో పెరుగుతాయి కదా అని అడ్మిషన్ దరఖాస్తు ఆపేస్తారు. ఇంప్రూవ్‌మెంట్ పరీక్షకు ఫీజు కట్టరు. వారాలు గడిచి ‘మార్పు లేదు’ అని వస్తుంది, అప్పటికి రెండు గడువులూ అయిపోయి ఉంటాయి. మీరు అలా చేయకండి. 58తోనే ఎక్కడెక్కడ చేరవచ్చో చూసి దరఖాస్తులు పెట్టండి. పేపరు మళ్లీ పరిశీలనలో ఉందని ఆ కాలేజీలకు చెప్పండి, మార్కులు మారితే తర్వాత సరిచేస్తారేమో అడిగి ఉంచండి. మళ్లీ రాసుకునే అవకాశం ఉన్న పరీక్ష అయితే దానికీ పేరు ఇచ్చేయండి. మార్కులు పెరిగితే ఆ ఫీజు పోతుంది, పోనివ్వండి.

మీవారితో ఒక మాట చెప్పండి. ఆయన ‘అన్నింటికీ పెడదాం’ అన్నది పాప మీద నమ్మకంతోనే. కానీ పాపకు అది ‘నీకు వచ్చిన ఏ మార్కూ మాకు చాల్లేదు’ అన్నట్టు వినబడుతుంది. 81, 83 మంచి మార్కులు. ఈ మూడు రోజుల్లో ఆ మాట ఇంట్లో ఎవరైనా పైకి అన్నారా? అనకపోతే ఈ రాత్రి ఆయన్నే అనమనండి.

తలుపు వేసుకుని కూర్చుంటోందని రాశారు. ఇది మార్కుల కన్నా ముందు చూడాల్సిన విషయం. తనను ఎక్కువసేపు ఒంటరిగా వదలకండి. గడియ వేయొద్దని మెల్లగా చెప్పండి, మీరు అదే గదిలో ఏదో ఒక పని చేసుకుంటూ ఉండండి, మాట్లాడకపోయినా ఫరవాలేదు. నిద్ర సరిగ్గా పోతోందా చూడండి. ‘నేనుండి ఏం లాభం’ లాంటి మాట నోట వచ్చినా, ఎక్కడైనా రాసినా, దాన్ని కోపంలో అన్న మాటగా తీసుకోకుండా అదే రోజు డాక్టరు దగ్గరికి తీసుకెళ్లండి. దరఖాస్తు గడువు దాటినా సరే.

కింది నాలుగు ముక్కలూ పాపకు. మీరు చదివి వినిపించకండి, తన చేతికే ఇవ్వండి.

తల్లీ, నేను లెక్కల టీచర్ని. నీ పేపరు నేను చూడలేదు, కాబట్టి నీ మార్కు సరైనదో కాదో నాకు తెలియదు. నీకూ తెలియదు. మీ ఇంట్లో ఎవరికీ తెలియదు. తెలుసుకునే దారి ఒకటుంది, దానికి ప్రశ్నపత్రమూ, పెన్సిలూ, రెండు గంటలూ కావాలి. కీ చూడకుండా మొదలుపెట్టు. చేయలేకపోయిన లెక్క దగ్గర ‘చేయలేదు’ అని రాయడానికి వెనకాడకు, ఆ కాగితం ఎవరికీ చూపించనక్కర్లేదు. చివర్లో నీకు వచ్చిన అంకె ఎంతైనా, అమ్మకు ఆ ఒక్క అంకె చెప్పు. అడగాలా వద్దా అన్నది ఆ తర్వాత ఇద్దరూ కలిసి తేల్చుకోండి. సంతకం నీది, నీకు ఇష్టం లేకుండా ఎవరూ పంపకూడదని అమ్మకు చెబుతున్నాను. కాపీ వచ్చి, అందులో ఏదైనా స్టెప్పు దగ్గర నీకు రావాల్సిన మార్కు రాలేదనిపిస్తే, ఆ లెక్క ఉన్నదున్నట్టు రాసి నాకు పంపు. నేను చూస్తాను.